జయంతి చేసిన చిలకముక్కు

ఉరవకొండ,
నవంబరు 18, 2024

చిరంజీవి మహేశ్వరికి,

మీ పెద్దమ్మ సిద్దమ్మ రాసేది. ఇక్కడ అందరం బాగున్నామని మొదట రాయాలంటారు. ఆ మాట రాయబోతే పెన్ను కదల్లేదు, వదిలేసినాను. నువ్వు రోజూ ఫోన్ చేస్తున్నావు. నేను ఎత్తుతున్నాను గానీ నీ గొంతు వినగానే నాకు మాట రావడం లేదు. నీ గొంతులో నా బిడ్డ జయంతి గొంతు ఉంది. అక్కచెల్లెళ్ళ పిల్లలు కదా, ఉండక ఎక్కడికి పోతుంది. అందుకని ఫోన్ వద్దు, నువ్వు కూడా ఉత్తరమే రాయి. నేను ఐదో తరగతి దాకా చదివినాను. మెల్లగా కూడబలుక్కుని చదువుకుంటాను.

జయంతి పోయి నెల దాటింది. పెద్దకర్మకు వచ్చిన చుట్టాలు వచ్చిన దారిన పోయినారు. శెనక్కాయ ఈసారి కూడా మన్నే. పూత మీద వాన రాలేదు, పీకేటప్పుడు వచ్చింది. చెట్టు పీకితే వేర్లకు ఒకటో రెండో కాయలు, అవీ నల్లగా. మీ పెదనాయన చేనుకు పోతాడు, వస్తాడు. అక్కడ ఏం చేస్తున్నాడో నేను అడగను.

నిన్ను ఒక మాట అడగాలి. జయంతి కడపటి ఆదివారం అనంతపురంలో మీ గుంపు కూడే చోటికి వచ్చింది కదా. టైలరు షాపు మిద్దె మీద గది అని చెప్పేది. ఫ్యాక్టరీల్లో వస్తువులకు రూపం గీసే ఆడపిల్లలంతా నెలకొకసారి అక్కడ కూడతారని, పనిచేసే చోట తమ మాట చెల్లకపోతే అక్కడ చెప్పుకుంటారని అనేది. ఆ గుంపులో నన్ను చేర్చింది మా అక్కే అని నీ గురించి గొప్పగా చెప్పేది. ఆ రోజుకే దానికి జ్వరం ఉందంట. ఆస్పత్రిలో నర్సు చెప్పింది. అంతమంది ఆడవాళ్ళు కూర్చున్నారే, ఒక్కరైనా దాని నుదురు తాకి చూడలేదా?

కోపంతో అడగడం లేదు. అడగకపోతే అన్నం దిగడం లేదు.

నీ పెద్దమ్మ,
సిద్దమ్మ

—

అనంతపురం,
నవంబరు 26, 2024

పెద్దమ్మా,

నువ్వు అడిగినదానికే ముందు జవాబు రాస్తాను. తాకారు. సారా తాకింది. సారా అంటే హిందూపురం దగ్గర ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో బిందెలకు, బకెట్లకు రూపం గీసే అమ్మాయి. "ఒళ్ళు కాలిపోతాంది, పద ఆస్పత్రికి" అంది. జయంతి నవ్వి, "ఎండలో తిరిగినాలే అక్కా, పొద్దు మునిగేలోగా తగ్గిపోతాది" అంది. మాత్ర వేసుకుంది. తన వస్తువు అందరికీ చూపించేదాకా లేవనంది. మర్నాడే ఆస్పత్రిలో చేర్చాం. డెంగీ అన్నారు. ఆ తర్వాతది నీకు తెలిసిందే. తాకాం పెద్దమ్మా. తాకినా ఆపలేకపోయాం.

మా గుంపు గురించి నువ్వు ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మేమందరం ఎవరి ఫ్యాక్టరీలో వాళ్ళం ఒంటరివాళ్ళం. నేను చేలకు మందు కొట్టే డబ్బాలు గీస్తాను. భుజం పట్టీ వీపును కోస్తోందని చెబితే, "నువ్వు రంగు సంగతి చూడమ్మా, బరువు సంగతి మేం చూస్తాం" అంటారు. నెలకొక ఆదివారం ఆ మిద్దె మీద గదిలో ఒకరు చేసిన వస్తువును అందరం చేతిలో పట్టుకుని ఎక్కడ నొక్కుకుంటోందో, ఎక్కడ జారుతోందో చెప్పుకుంటాం. అంతే. అదే మాకు బలం.

జయంతి మొదటిసారి వచ్చినప్పుడు ఏమందో తెలుసా? "మా ఊర్లో విత్తనం కాయ మిషన్లో వెయ్యరు, గింజ పైపొర లేస్తే మొలకెత్తదు. ఎండాకాలమంతా ఆడోళ్ళు వేళ్ళతోనే వొలుస్తారు. మా అమ్మ బొటనవేలు చూస్తే మీకు అన్నం తినబుద్ధి కాదు" అంది. అప్పటినుంచి ఆ వొలిచే పటకార మీదే దాని ధ్యాసంతా. చిలకముక్కు అని పేరు పెట్టింది మీ ఊరివాళ్ళేనట.

పెద్దమ్మా, అది మాకు కావాలి. కంప్యూటర్‌లో ఉన్న బొమ్మ పాతది. వినాయక చవితికి ఊరికి వచ్చినప్పుడు జయంతి పిడిని, ఆరితే రాయిలా గట్టిపడే ఎమ్‌సీల్ ముద్దతో మళ్ళీ మలిచింది. మేమందరం పట్టుకుని చూశాం, ఎక్కడా నొక్కుకోలేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన నీలం సంచిలో ఉండి ఉంటుంది. పంపితే దాని ప్రకారం చేయించి, వచ్చే ఎండాకాలం కాయ వొలిచేనాటికి మీ ఊరి ఆడవాళ్ళ చేతికి అందించాలని అనుకున్నాం. పోయిన ఆదివారం జయంతి స్థానంలో అశ్విని అనే అమ్మాయి దాని గురించి మాట్లాడింది.

వేళకు ఇంత తిను.

మహేశ్వరి

—

ఉరవకొండ,
డిసెంబరు 8, 2024

మహేశ్వరికి,

సారాకు నా మాటగా చెప్పు, ఆ పిల్ల చెయ్యి చల్లగుండాలని. ఒక రాత్రి నిద్రపోయినాను.

కానీ మిగిలిన ఉత్తరం చదివి నా కడుపు మండింది. దాని స్థానంలో అప్పుడే ఇంకొకరిని పెట్టుకున్నారా? మాకూ పొదుపు సంఘం ఉంది. అందులో ఒకామె పోతే ఏం చేస్తారో నాకు తెలుసు. పుస్తకంలో ఆమె పేరు మీద అడ్డంగా గీత కొట్టి, కింద కొత్త పేరు రాస్తారు. మా లీడరు బయమ్మ ఎంత నోరున్న మనిషి, ఆమె కూడా గీత కొట్టే ముందు కళ్ళు తుడుచుకుంటుంది. అయినా మా దగ్గర ఒక మర్యాద ఉంది. పోయినామె స్థానం బయటివాళ్ళకు ఇచ్చే ముందు ఆ ఇంటి గడప తొక్కి, "మీ ఇంట్లో ఆడమనిషి ఎవరైనా కూర్చుంటారా" అని అడుగుతారు. కూతురో కోడలో వద్దంటేనే వేరేవాళ్ళు. మీరు చదువుకున్నవాళ్ళు. మీకు ఆ మర్యాద లేదా? నన్ను ఎవరు అడిగినారు?

దాని కుర్చీలో ఆ అశ్విని కూర్చుందా?

చిలకముక్కు నా దగ్గర లేదు. మళ్ళీ అడగొద్దు.

సిద్దమ్మ

—

అనంతపురం,
డిసెంబరు 19, 2024

పెద్దమ్మా,

మా గుంపుకు పుస్తకం లేదు, పేర్లు రాసుకోవడం లేదు, గీత కొట్టడమూ లేదు. అశ్విని ఆ రోజు జయంతి మాటలు గుర్తు చేసుకుని చెప్పింది, అంతే. చెబుతూ మధ్యలో ఆపేసింది. మాకూ బాధ ఉంటుంది పెద్దమ్మా. మేమేదో దాన్ని తుడిచేసినట్టు రాశావు.

ఇంకో మాట రాయకుండా ఉండలేను. చిలకముక్కు లేదన్నావు, ఏమైందో చెప్పలేదు. పెదనాయనకు ఫోన్ చేస్తే, "దాని జోలికి పోవద్దు పాపా" అని పెట్టేశాడు. బయమ్మత్త కొడుకు బజార్లో కనపడి, వెల్డింగు షాపాయన టేపు తీసుకుని మీ ఇంటికి వచ్చిపోయాడని చెప్పాడు. ఆయనకు ఇచ్చేశావా? నాలుగు చేసి అమ్ముకుంటానని అడిగి ఉంటాడు. ఇచ్చి ఉంటే ఇచ్చానని చెప్పు, నేను పోయి మాట్లాడతాను. అది వాళ్ళ చేతికి పోతే జయంతి పేరు కూడా మిగలదు. ఒక్క మాట రాయి.

మహేశ్వరి

—

ఉరవకొండ,
జనవరి 20, 2025

మహేశ్వరీ,

నీ ఉత్తరం వచ్చి చాలా దినాలైంది. రాయడానికి కూర్చుని మూడు కాగితాలు చింపేసినాను. ఈసారి ఎట్లయినా రాసేస్తాను.

వెల్డింగు ఆయన వచ్చింది నిజమే. జయంతిని మన చేను గట్టు మీద పెట్టినాము కదా. అక్కడ కుక్కలు కాళ్ళతో గీకుతున్నాయని మీ పెదనాయన చుట్టూ కమ్మీలు కట్టమన్నాడు. ఆయన టేపు పట్టింది దానికి. నా బిడ్డ పొడవు చెప్పమంటే చెప్పినాను. ఇంకే వస్తువూ ఇయ్యలేదు.

చిలకముక్కు దాని దగ్గరే ఉంది.

పెళ్ళికాని పిల్లను మనవాళ్ళు కాల్చరు, పూడుస్తారు. పోయేటప్పుడు ఇష్టమైనదేదో చేతిలో పెట్టి పంపుతారు. మీ తాతకు బీడీ కట్ట పెట్టినాము. మా అత్తకు వక్కాకు తిత్తి. జయంతికి ఏం పెట్టాలని పెద్దవాళ్ళు నన్ను అడిగినారు. మా ఆడబిడ్డ గాజులు పెడదామంది. గాజులు అది ఎప్పుడు వేసుకుంది? నేను నీలం సంచి తెరిచి చిలకముక్కు తీసి కుడిచేతిలో పెట్టినాను. వేళ్ళు మూసుకోలేదు. ఒక్కొక్క వేలూ నేనే మూసినాను. అప్పుడు నువ్వు అటు పక్క మీ అమ్మను పట్టుకుని ఉన్నావు, చూడలేదు.

అది ఒక్కటే ఉందని నాకు ఎవరు చెప్పినారు? కంప్యూటర్‌లో గీసే పిల్ల, ఒకటి పోతే ఇంకోటి వస్తుందిలే అనుకున్నాను. కొడవలి పోతే కొలిమి కాడికి పోయి ఇంకో కొడవలి తెచ్చుకోమా, అట్లా.

నీ ఉత్తరం మీ పెదనాయనకు వినిపించినాను. తెల్లారి లేచి చూస్తే పార పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"పోయి తెస్తా. నువ్వు రావద్దు" అన్నాడు.

"యాడికి?" అన్నాను. తెలిసే అడిగినాను.

"బిడ్డ అంత కష్టపడి చేసింది. మన్నులో ఉండాల్నా అది?"

నేను పోయి పార కర్ర పట్టుకున్నాను. "దాని చెయ్యి నేను మూసినా. ఎవురూ తెరవొద్దు" అన్నాను. ఆయన వదల్లేదు, నేనూ వదల్లేదు. అట్లే నిలబడినాము. కడకు ఆయనే కిందికి జారి కూర్చున్నాడు. ఆ పార ఇప్పటికీ వాకిట్లోనే పడి ఉంది. దాన్ని దాటుకుని ఆయన చేనుకు పోతున్నాడు, నేను నీళ్ళకు పోతున్నాను. ఇద్దరమూ తీసి పక్కన పెట్టలేదు.

నువ్వు దాని అక్కవు, దాని పని తెలిసినదానివి. నువ్వే చెప్పు. ఊరి ఆడవాళ్ళ వేళ్ళకు అది అంత అవసరమైతే, దాని పేరు నిలబడేది అందువల్లే అయితే, తియ్యమను. నేను పక్కకు జరిగి ఆయనకు దారి ఇస్తాను. ఆ తర్వాత నేను ఏమైపోతానో నాకు తెలియదు. అయినా ఇస్తాను.

సిద్దమ్మ

—

అనంతపురం,
జనవరి 27, 2025

పెద్దమ్మా,

వద్దు.

ఈ ఉత్తరం చదవగానే ఆ పార తీసి లోపల పెట్టు. పెదనాయనకు నేను ఫోన్‌లో కూడా చెప్పాను. ఆయన ఏడుస్తుంటే నేనెప్పుడూ వినలేదు.

వెల్డింగు ఆయన గురించి అలా రాసినందుకు నా చెయ్యి విరగ్గొట్టుకోవాలనిపిస్తోంది. నీ ఉత్తరం మొత్తం గుంపులో చదవలేదు. చిలకముక్కు జయంతితోనే వెళ్ళిందని మాత్రం చెప్పాను. సారా లేచి, పాత బొమ్మతోనే మొదలుపెడదామంది.

మహేశ్వరి

—

ఉరవకొండ,
ఫిబ్రవరి 3, 2025

మహేశ్వరీ,

పార లోపల పెట్టినాను. కమ్మీలు కూడా కట్టేసినారు. మీ పెదనాయన వాటికి ఆకుపచ్చ రంగు వేసినాడు. ఎందుకని అడిగితే, "ఊర్లో ఏదన్నా ఒకటి పచ్చగా ఉండనీ" అన్నాడు.

సిద్దమ్మ

—

అనంతపురం,
ఏప్రిల్ 21, 2025

పెద్దమ్మా,

ఈ ఉత్తరంతో పాటు ఒక పార్సిల్ పంపుతున్నాను. పాత బొమ్మను బట్టి సారా, నేను కలిసి చేయించిన చిలకముక్కు. ఇది జయంతిది కాదు, అలా అనుకోకు. పిడి చేతిలో సరిగ్గా కూర్చోవడం లేదు. మేం ఎన్నిసార్లు దిద్దినా ఎక్కడో ఒకచోట నొక్కుతోంది. ఎవరి చేతిని చూసి మలిచిందో, ఏ మూల ఎంత తగ్గించిందో అది ఎవరికీ చెప్పలేదు. నువ్వు, బయమ్మత్త వాడి చూసి ఎలా ఉందో రాయండి. బాగాలేకపోతే బాగాలేదనే రాయి.

గుంపు గురించి అడిగావట, అమ్మ చెప్పింది. గుంపు పలచబడిపోయింది. సారాకు ఉద్యోగం పోయింది. బిందె అంచు చేతిని కోస్తోందని పై అధికారితో వాదించిందట, మర్నాటి నుంచి రావద్దన్నారు. ఇంకో ఇద్దరు అమ్మాయిలను ఇంట్లోవాళ్ళు ఆదివారం బయటికి రానివ్వడం లేదు. "జీతమిచ్చే ఆఫీసు కాదు, పూజ కాదు, ఏం పని ఆడ" అన్నాడట ఒకమ్మాయి మొగుడు. పోయిన నెల గదిలో నలుగురమే కూర్చున్నాం. ఇప్పుడు ఎవరైనా కాస్త నీరసంగా కనపడితే మిగిలినవాళ్ళం మాట ఆపేసి చూస్తాం. తాకాలని ఉంటుంది, ఎవరూ తాకరు. తాకితే వేడిగా ఉంటుందేమోనని భయం.

ఈ మే నెల చివరి ఆదివారం కూడి, ఇక మానేద్దామా అని మాట్లాడుకోవాలనుకున్నాం. చిలకముక్కు కూడా అక్కడితో సరి. నీకు ముందే చెప్పడం మర్యాద అనిపించింది.

నువ్వు అడిగావు కదా, జయంతి కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. కావాలని కాదు. కిటికీ పక్కన ఉంటుంది, ఎండ కొడుతుంది.

మహేశ్వరి

—

ఉరవకొండ,
మే 14, 2025

చిరంజీవి మహేశ్వరికి,

పార్సిల్ వచ్చింది. నీ ఉత్తరం మీ పెదనాయన కూడా విన్నాడు.

ఇక్కడ విత్తనం కాయ వొలవడం మొదలైంది. బయమ్మ ఇంటి ముందర కొట్టంలో అందరూ కూర్చుంటున్నారు. నేను పోలేదు. ఏడాది తిరగని ఇంటి మనిషి విత్తనం ముట్టకూడదని మా ఆడబిడ్డ అంది. చిలకముక్కు ఇచ్చి వద్దామని పోయి గుంజ కాడ నిలబడినాను. బయమ్మ నన్ను చూసి, "ఏం సిద్దమ్మా, అప్పులోళ్ళ మాదిరి ఆడనే నిలబడినావు, కూర్చో" అంది. మైల కదా అన్నాను. "వానే రాని ఊర్లో మైల యాడ నుంచి వస్తాది సిద్దమ్మా. నువ్వు ముట్టకపోయినా మొలిచేది అంతే, ముట్టినా అంతే" అని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

మీరు పంపినది అందరి చేతుల్లో తిరిగింది. బాగాలేదనే రాయమన్నావు, రాస్తున్నాను. బయమ్మ నాలుగు కాయలు వొలిచి, "ఇది చిలకముక్కు కాదు, కొంగముక్కు. కాయను పట్టుకోమంటే నన్ను పట్టుకుంటాంది" అంది. అందరూ నవ్వినారు. నాకూ నవ్వు వచ్చింది. జయంతి పోయిన తర్వాత అదే మొదలు. వెంటనే తప్పు చేసినట్టు అనిపించి తల దించుకున్నాను. గింజలు చూస్తే పైపొర గీసుకుపోయి ఉన్నాయి. అవి విత్తనానికి పనికిరావు, చట్నీకి పక్కన వేసినాము. మళ్ళీ అందరూ వేళ్ళకే పోయినారు. సాయంత్రానికి బయమ్మ గోరు కింద నెత్తురు. చీర కొంగుకు తుడుచుకుని ఇంకో చేట లాక్కుంది.

కడకు నేను పట్టుకున్నాను. నా కుడి బొటనవేలు సంగతి నీకు తెలుసు, చిన్నప్పుడు బావి మోకులో ఇరుక్కుని విరిగింది, పూర్తిగా వంగదు. పిడి పట్టుకోగానే ఆ వేలు దేనికోసమో వెతుక్కుంది. అక్కడ ఒక గుంట ఉండాలి, లేదు. అప్పుడు నాకు చవితి పండగ నాడు జరిగింది జ్ఞాపకం వచ్చింది. జయంతి పొయ్యి కాడికి వచ్చి బూడిద రంగు ముద్ద నా గుప్పిట్లో పెట్టి, "పిసుకు మా, సంకటి ముద్ద పిసికినట్ల పిసుకు" అంది. వేలు వంగదే అంటే, "వంగకపోతేనే మేలు. నీ చేతికి కుదిరితే ఊర్లో ఎవురి చేతికైనా కుదుర్తాది" అంది. ఆరేదాకా నన్ను కదలనియ్యలేదు. పొయ్యి మీద పప్పు మాడిపోయింది. దాన్ని తిట్టినాను కూడా. ఆ ముద్దే పిడి అయ్యింది. ఇది చెప్పాల్సిన సంగతి అని నాకు తట్టలేదు. నువ్వు ఎవరి చేతిని చూసి మలిచిందో అని రాస్తే అప్పుడు తట్టింది.

అంటే మన్నులో దాని చేతిలో ఉన్నది నా పిడికిలే మహేశ్వరీ. నా చెయ్యి పట్టుకునే పోయింది. ఆ రోజు పార పట్టుకున్నప్పుడు నాకు ఇది తెలియదు. తెలియకుండానే పట్టుకున్నాను.

ఆ గుంట మళ్ళీ అట్లే వస్తుందో రాదో నేను చెప్పలేను. అప్పుడు అది నా వేళ్ళు సర్ది పెట్టింది, ఇప్పుడు సర్దేవాళ్ళు లేరు. ఈ ఎండాకాలానికి ఎట్లాగూ అందదు, బయమ్మ వేళ్ళు ఈసారికి అంతే. కానీ చెయ్యి నా దగ్గరే ఉంది కదా. ముద్ద మీరు తెప్పించండి, పిసుకుతాను. కుదరకపోతే మళ్ళీ పిసుకుతాను.

గుంపు మానేసే సంగతి. మా పద్ధతి నీకు ముందే రాసినాను. మీరు అడగలేదు. అందుకని నేనే అడుగుతున్నాను. జయంతి స్థానం ఆ ఇంటి ఆడమనిషిది. నేను కూర్చుంటాను. చివరి ఆదివారం తెల్లవారుజామున బస్సుకు బయలుదేరుతాను. మీ పెదనాయన బస్టాండు దాకా వస్తానన్నాడు. నేను వచ్చేదాకా మానేసే మాట ఎత్తొద్దు. వచ్చిన తర్వాత మానేద్దామని అందరూ అంటే నేనూ చెయ్యి ఎత్తుతాను, నాకు కోపం లేదు. ఆ కుర్చీకి ఎండ కొడితే కొట్టనీ, మాకు ఎండ కొత్తా?

నాకు గీయడం రాదు. మీరు మాట్లాడుకునేది సగం అర్థం కాదు. సారాను, అశ్వినిని, ఇంకా ఎవరు వస్తే వాళ్ళను గడప దగ్గరే నిలబెట్టి ఒక్కొక్కరి నుదురు తాకి చూస్తాను. వేడి ఉంటే ఎంత నవ్వినా, ఏం చెప్పినా వినను, చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి లాక్కుపోతాను. ఆ పని నాకు ఇయ్యండి.

దాని తల్లి,
సిద్దమ్మ